హారతి మీద పాట

ఆ ఆదివారం ఉదయం భవానీపురంలో మా ముందు గదిలో ఉన్న మనుషులు: అమ్మ, పెద్దమ్మ, బాబాయి, అక్క, నేను. నాన్న లేడు, అక్క పెళ్ళి శుభలేఖలు పట్టుకుని పటమట వెళ్ళాడు. ఉన్న వస్తువులు: బాబాయి తన ఇంటి అటక మీంచి దింపి తెచ్చిన వీసీఆర్, నా ల్యాప్‌టాప్, ఆ రెంటికీ మధ్య వీడియోను కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న డబ్బా, స్పిరిట్ సీసా, దూది, స్క్రూడ్రైవర్, అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్టు. క్యాసెట్టు పెట్టె మీద బంగారు రంగు స్టిక్కరు, దాని మీద ఎదురెదురుగా రెండు చిలకలు. లోపల టేపు మీద తెల్లటి బూజు.

కృష్ణకు ఇంత దగ్గరగా ఉన్న ఇంట్లో, బీరువా అడుగున పట్టుచీరల కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న టేపుకు బూజు పట్టకపోతేనే ఆశ్చర్యం. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తుంటే అది గోధుమరంగు జిగురై వేళ్ళకు అంటుకుంది. నానిన అట్టపెట్టె వాసన వేసింది. పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అయినా ఆ రోజు నాకు కలిగిన అసహ్యాల్లో బూజుది ఆఖరి స్థానం.

క్యాసెట్టు ఎందుకు బయటికి తీయాల్సి వచ్చిందో చెప్పాలి. అమ్మ పుట్టింటివాళ్ళకు ఒక హారతి పాట ఉంది. పుస్తకాల్లో దొరికేది కాదు. అమ్మమ్మ తన అత్తగారి దగ్గర నేర్చుకుంది. తాళి కట్టాక, దంపతులకు హారతి ఇచ్చేటప్పుడు పెళ్ళికూతురి తల్లి దాన్ని పాడాలి. ఉయ్యూరు అవతల అమ్మమ్మగారి ఊళ్ళో, తాటాకు పందిరి కింద, పెద్దమ్మ పెళ్ళిలోనూ అమ్మ పెళ్ళిలోనూ అమ్మమ్మే పాడింది. ఆ తరవాత కొద్ది కాలానికే ఆవిడ పోయింది. నేను అప్పటికి పుట్టలేదు. పెద్దమ్మకు ఆడపిల్లలు లేరు కనక ఆవిడకి ఆ పాటతో పని పడలేదు. ఈసారి పెళ్ళికూతురి తల్లి అమ్మ. పాడాల్సింది అమ్మ.

ముందు రోజు వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ అమ్మ దాన్ని పాడి చూసుకుంది. పెద్దమ్మ పక్కన కూచుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"ఆగవే ఆగు. ఏం పాట అది?" అంది పెద్దమ్మ.

"హారతేగా అక్కా."

"మాటలు హారతివే. వరస ఎక్కడిదే? అమ్మ ఇలా పాళ్ళేదు."

"ఇలాగే పాడింది. నా పెళ్ళిలో పాడింది ఇదే."

"నీ పెళ్ళిలో పళ్ళెం పట్టుకుని అమ్మ పక్కన నుంచుంది నేను. నాకు చెప్పకు."

"అయితే నువ్వు పాడి చూపించు మరి."

"నాకు గొంతుంటే నిన్నెందుకు అడుగుతానే? తప్పో ఒప్పో చెప్పగలను, అంతే."

ఆ వరస నేను ముందే గుర్తుపట్టాను. తెలుగు ఇంట్లో పుట్టిన ఎవరైనా గుర్తుపడతారు. తొంభైల్లో వచ్చిన ఒక సినిమా పాట అది. తెల్లచీర కట్టిన కథానాయిక జలపాతం కింద తడుస్తూ కథానాయకుణ్ణి రమ్మంటుంది. అమ్మ దాని వరసలో దేవుడి పేర్లు పాడుతోంది. ఆ సంగతి నేను చెప్పాక అమ్మ మనసులోనే రెండోసారి పాడుకుని చూసుకుంది. పెదవులు కదిలాయి, మధ్యలో ఆగాయి. స్టవ్ కట్టేసింది.

"మరి అమ్మ పాడింది ఎలా ఉంటుంది?" అంది. ఆ ప్రశ్న అడిగింది పెద్దమ్మను కాదు, ఎవర్నీ కాదు. తరవాత నా వైపు తిరిగింది. "క్యాసెట్టులో ఉంటుందిగా. దాన్ని బాగుచెయ్యరా. పెళ్ళిలోపల నాకు అసలు వరస కావాలి."

అమ్మమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ కాలంలో ఫోను అంటే గోడకు తగిలించి ఉండేది, రికార్డు చేసేది కాదు.

తొంభైల పాటలంటే నాకున్న అయిష్టం అంతకు ముందు నుంచే ఉంది. అందరూ వాటి గురించి కళ్ళు చెమర్చుకుని మాట్లాడతారు. "ఆ పాటలు మళ్ళీ రావండీ" అంటారు. రాకపోతే మంచిదే. అవి ఎక్కడికీ పోలేదు కనక రావాల్సిన అవసరమూ లేదు. హైదరాబాద్ వెళ్ళే బస్సులో అవే, మంగలి షాపులో అవే, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే గులాబీ పువ్వు పక్కన అవే.

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను, పనిచేసేది శబ్దాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ మీద. ఆ పాటల్ని ముక్కలు చేసి వినడం నాకు అలవాటైపోయింది. ఒకే కీబోర్డు, దాంట్లో ఒకే డ్రమ్ము శబ్దం, వంద పాటల్లో. మొదట కోరస్ ఆడవాళ్ళు అర్థం లేని అక్షరాలు పాడతారు. చరణానికి ముందు ఫ్లూటు. మూడో నిమిషంలో ఎవరో మూలుగుతారు. ఆ మూలుగుకు కూడా స్వరం రాసిన మనిషి ఒకడున్నాడు, అతనికి అది ఉద్యోగం.

బొమ్మ ఇంకా ఘోరం. కొండ వెనక నుంచి ఒకే రంగు బట్టల్లో గుంపు పరిగెత్తుకొస్తుంది. కథానాయకుడికి కథానాయిక తండ్రి వయసు, కాళ్ళకు తెల్లబూట్లు. ఆమె వయసు ఎవరూ అడగరు. ఆమె నడుము మీద ఏదో ఒకటి పడుతూ ఉంటుంది: పువ్వో, పండో, నీళ్ళో. కెమెరా ఎంత ఎత్తులో పెట్టారో గమనిస్తే చాలు, తీసినవాడి బుర్ర ఏ ఎత్తులో ఉందో తెలుస్తుంది. ఆ జలపాతం పాటకే అక్క చేత మూడో తరగతిలో స్కూలు వార్షికోత్సవంలో డాన్సు చేయించారు. ఎనిమిదేళ్ళ పిల్ల, పెదాలకు ఎర్రరంగు, తెల్లచీర. ముందు వరసలో తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఫ్రేములో ఉంది. అక్క దాన్ని దింపించాలని చూసినప్పుడల్లా "ముద్దుగా ఉన్నావే" అని అమ్మ మళ్ళీ తగిలిస్తుంది.

ఇక ఆదివారం. టేపు ఎండబెట్టి, పగిలిన పెట్టె మార్చి, వీసీఆర్ హెడ్డు తుడిచి, బటను నొక్కాను. తెర మీద గీతలు పరిగెత్తి, కుదురుకున్నాయి.

ముందుగా ఒక తామరపువ్వు విచ్చుకుంది. అందులోంచి అమ్మ తల వచ్చింది. తల మాత్రమే. అది గిరగిర తిరిగి, చిన్నదై, నాన్న చేతి వాచీలోకి వెళ్ళిపోయింది. నాన్న మొహం పానకం బిందె మీద తేలింది. ఇద్దరూ గుండె ఆకారంలో ఇరుక్కుని స్విట్జర్లాండ్ మంచు కొండల మీదుగా ఎగిరారు. వెనక హిట్ పాట. పసుపు దంచుతుంటే హిట్ పాట. స్నాతకానికి హిట్ పాట. ముసలి పురోహితుడు నోరు తెరిచి మంత్రం చెబుతుంటే ఆయన నోట్లోంచి కుర్రవాడి గొంతు వచ్చి అమ్మాయి ఓణీ గురించి పాడింది.

"క్వాలిటీ చూడరా, మొన్న తీసినట్టు లేదూ!" అన్నాడు బాబాయి. ఆయన నాన్నకు తమ్ముడు, ఆ పెళ్ళినాటికి డిగ్రీ చదువుతున్నాడు. "ఈ పాటల సెలక్షన్ అంతా నాదే. గవర్నర్‌పేటలో క్యాసెట్టు నింపించి, మిక్సింగు దగ్గర రెండ్రోజులు కూచున్నా. టీలు కూడా నావే."

"ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గులేదా బాబాయ్?" అంది అక్క.

"సిగ్గెందుకే? కంకిపాడు నుంచి కూడా వచ్చి, మీ వీడియో కాసేపు ఇవ్వండీ, మావాడి పెళ్ళికి ఇలాగే చేయించాలీ అని పట్టుకెళ్ళేవాళ్ళు."

అప్పటి పద్ధతి అది. పెళ్ళి వీడియో అంటే ఇంటివాళ్ళే తమకిష్టమైన హిట్ పాటల్ని ఒక క్యాసెట్టులో నింపించి తీసుకెళ్ళాలి; ఏ ఘట్టానికి ఏ పాటో పక్కన కూచుని చెప్పాలి. మిక్సింగు చేసేవాడు పెళ్ళిలో వినబడ్డదంతా తీసేసి, దాని స్థానంలో పాట పెట్టి, బొమ్మను ఇంకో టేపులోకి ఎక్కిస్తాడు. కెమెరాలో తిరిగిన మొదటి టేపు మర్నాడు ఇంకొకరి పెళ్ళికి వెళ్ళిపోతుంది. జిల్లాలో ఒక తరం పెళ్ళిళ్ళన్నీ ఇలా మూగవి అయ్యాయి. అందరూ డబ్బిచ్చి మరీ చేయించుకున్నారు.

హారతి వచ్చింది. పెద్దమ్మ పడుచుగా, సన్నగా, పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పక్కన అమ్మమ్మ. ముతక జరీ చీర, వెడల్పు నుదురు. నోరు తెరిచింది. ఆ నోట్లోంచి జలపాతం పాట వచ్చింది.

అమ్మమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే, మద్రాసు స్టూడియోలో ఎవరో పాడిన గొంతు ఆవిడ మొహంలోంచి తడిచీర గురించి గోముగా చెబుతోంది. పెదవుల కదలికకు పాట దాదాపు సరిపోయింది కూడా. అమ్మకు ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. అమ్మమ్మ పోయాక అమ్మ ఆ ఘట్టాన్ని వెనక్కి తిప్పుకుని తిప్పుకుని చూసేదట. ఏళ్ళ తరబడి చూసింది. చూసినప్పుడల్లా ఆ మొహానికి ఆ గొంతే.

"ఏఐతో పాట తీసేసి కింద గొంతు మాత్రం ఉంచలేవా?" అంది అక్క.

"కింద గొంతు లేదక్కా. పాట గొంతు మీద పరచలేదు. గొంతు తీసేసి ఆ చోట్లో పెట్టారు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తీయదు."

తరవాత బాబాయి మీద పడ్డాను. "మంత్రాల మీద పెట్టావు, సరే. ఒక పెద్దావిడ హారతి పాడుతుంటే దాని మీద ఆ బూతు ఎలా పెట్టించావు బాబాయ్? చెవులు లేవా నీకు?"

బాబాయి మొహంలో నవ్వు పోయింది. ఏదో అనబోయి అమ్మ వైపు చూశాడు.

"వాణ్ణేం అనకు. ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ పాట పెట్టించమన్నది నేనే," అంది అమ్మ.

పెద్దమ్మ కొంగు ముక్కు మీంచి జారింది. "ఏమిటీ?"

"అమ్మ గొంతు ఆ రోజు జీరపోయింది. శ్రుతి తప్పింది. మా అత్తగారి వైపు వాళ్ళు బెజవాడ నుంచి వచ్చారు, నవ్వుకున్నారు. నాకు వినపడింది. ఇతను వచ్చి, వదినా, హారతి దగ్గర ఏం పెట్టిద్దాం అన్నాడు. అమ్మ గొంతు వద్దు, లేడీస్ వాయిసులో ఏదన్నా మంచి పాట పెట్టించు అన్నాను. నాకు ఆ పాట ఇష్టం అప్పుడు."

"నేను అడిగాను కూడా అక్కయ్యగారూ," అన్నాడు బాబాయి పెద్దమ్మతో, మెల్లగా. "పెద్దావిడ పాట ఉంచుదాం వదినా అని."

"అడిగాడు," అంది అమ్మ. "అప్పుడు మరి అమ్మ ఎప్పుడూ ఉండేదిగా."

పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. అమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. ఆపేసిన బొమ్మలో అమ్మమ్మ నోరు సగం తెరుచుకుని వణుకుతోంది.

బాబాయి, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, వీసీఆర్ వైపు చూసి అన్నాడు. "మిక్సింగు మధ్యలో పాటల క్యాసెట్టు సైడు అయిపోయేదిరా. అయిపోగానే మిక్సింగతను చప్పున అసలు సౌండు పైకి లాగి, క్యాసెట్టు తిప్పి పెట్టి, మళ్ళీ సౌండు కిందికి లాగేవాడు. చెయ్యి తిరిగినవాడు."

"హారతి పాట ఏ సైడులో ఉంది?"

"బీ సైడు మొదటి పాట. ఏ సైడు నిండిపోయాక, మీ అమ్మ చెప్పిందని అదొకటి ఇటు ఎక్కించాం."

నేను టేపు మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించాను. తెర మీద శబ్దాన్ని గీతగా చూస్తే పాట ఉన్న చోట గోడలా నిండుగా ఉంటుంది. తలంబ్రాల పాట అయిపోయే చోట గోడ విరిగి, చిన్న గుంట, మళ్ళీ గోడ. మామూలుగా వింటే అక్కడ ఏదో బుసబుస తప్ప ఏమీ తెలియదు. ఆ గుంటను కోసి, బుస తగ్గించి, గొంతు పెంచాను. వంటింట్లో ఉన్న పెద్దమ్మను పిలిచాను.

ముందు ఒక మగగొంతు, "లైటు ఇటు కొట్టరా, ఇటు!" అని. తరవాత డోలు మీద ఎవరిదో చెయ్యి తగిలిన చప్పుడు. తరవాత ఒక ఆడగొంతు. బొంగురుగా, లావుగా, పొలంలో కేకేసి పిలిచే గొంతు. పల్లవి ఎత్తుకుంది, తగ్గు స్వరంలో నెమ్మదిగా, ప్రతి మాట చివరా కొంచెం ఊపి. పల్లవి అయింది. ఆపైన కీబోర్డు ఫ్లూటు వచ్చి మీద పడింది.

పెద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మే," అంది. "అమ్మే. అదే వరస."

"కాదు," అంది అమ్మ.

"ఏంటే కాదు?"

"అమ్మ గొంతు ఇది కాదు అక్కా. అమ్మది సన్నంగా ఉండేది. ఇది ఇంకెవరిదో. మీ అత్తగారేమో."

"మా అత్తగారికి ఆ పాట ఎక్కడొచ్చే? పిచ్చిదానా, అది అమ్మే. కోడెదూడను పిలిస్తే కాలవ అవతలికి వినపడేది. మర్చిపోయావా?"

అమ్మ ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి. కళ్ళు మూసుకుని వింది. కళ్ళు తెరిచి అమ్మమ్మ బొమ్మను చూస్తూ వింది. నేను ఆ గొంతును బొమ్మ పెదవులతో కలిపి చూపించాను. ఒక్కో అక్షరం దగ్గర పెదవి ఎలా మూసుకుందో ఆపి చూపించాను. రుజువుకు లోటు లేదు. అమ్మ తల ఊపింది. కానీ ఆ ఊపు, డాక్టరు చెప్పినదానికి ఊపినట్టు ఉంది, గుర్తుపట్టినట్టు లేదు. ఒక సినిమా పాట అమ్మ తలలోకి దూరి, తల్లి గొంతును తీసి బయట పెట్టి, ఆ చోట్లో కాపురం పెట్టింది. దాన్ని కూడా జనం మధుర గీతం అంటారు.

"చరణాలు?" అంది చివరికి.

"లేవమ్మా. అంతే ఉంది."

ఆ పూట నుంచి అమ్మ ఫోనులో ఆ ముక్క పెట్టుకుని సాధన చేసింది. కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ. పల్లవి వచ్చేసింది. పెద్దమ్మ వంక పెట్టడానికి లేనంత బాగా వచ్చింది. చరణం దగ్గరికి రాగానే ఆగేది. పెద్దమ్మ గుర్తు చేసుకోబోయేది, "అక్కడ పైకెళ్ళేదే... కాదు, పైకి కాదు," అనేది. ఇద్దరికీ తెగేది కాదు. పల్లవే మళ్ళీ మళ్ళీ పాడేయమని నేను చెప్పాను. "దేవుడి పాట సగంలో ఆపుతార్రా?" అంది అమ్మ. "వచ్చినట్టు పాడతాను. మాటలు సరిగ్గా ఉన్నాయిగా."

పెళ్ళి గన్నవరం దాటాక ఒక కల్యాణమండపంలో జరిగింది. హారతికి మైకు పెట్టారు. దాని కాడకు నా చిన్న రికార్డరు కట్టాను. వీడియోవాళ్ళకు ముందే చెప్పాను, ఇక్కడ ఏ పాటా వేయొద్దు, అసలు సౌండే ఉంచాలి అని. "అలాగే సార్, రా ఫుటేజీ కూడా ఇస్తాం" అన్నారు. పెద్దమ్మ పళ్ళెం పట్టుకుంది.

అమ్మ పల్లవి ఎత్తుకుంది. బొంగురు గొంతు తెచ్చుకుని, తగ్గు స్వరంలో, మాట చివర ఊపుతో. అక్క తల ఎత్తి చూసింది. పెద్దమ్మ చేతిలో కర్పూరం వెలుగు అల్లల్లాడింది. పల్లవి అయిపోయింది. అమ్మ ఊపిరి తీసుకుంది.

చరణం మొదటి మాటకే గొంతు సన్నబడింది. జలపాతం పాట.

పూర్తిగా అదే వరస, ఫ్లూటు వచ్చే చోట ఆగడంతో సహా. ఆ ఆగిన చోట సన్నాయి ఆయనకు విషయం అర్థమైంది. అప్పటిదాకా ఏ పాటో తెలియక ఊరుకున్నాడు. మొహం విప్పారింది, సన్నాయి ఎత్తి ఫ్లూటు ముక్క వాయించేశాడు. డోలాయన కీబోర్డు డ్రమ్ము దరువు అందుకున్నాడు. పెళ్ళికొడుకు వైపు నుంచి ఎవరో పెద్దాయన "ఆహా, మన రోజుల పాటండీ!" అన్నాడు. కుర్రాళ్ళు చప్పట్లతో తాళం వేశారు. ఒకడు ఈల వేశాడు. అమ్మ కళ్ళు మూసుకుని, దేవుడి పేర్లు ఒక్కటీ తప్పకుండా, చివరి దాకా పాడింది. అమ్మమ్మలాగే దణ్ణం పెట్టుకుంది. కళ్ళు తెరిచి పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ పళ్ళెం వైపు చూస్తోంది.

ఆ రాత్రికే ఎవరో దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. కింద వరసగా గుండెలు.

ఇంటికి వచ్చాక రికార్డరు ల్యాప్‌టాప్‌కు పెట్టి కొలిచాను. హారతి మొత్తం రెండు నిమిషాల ఇరవై సెకన్లు. అందులో అమ్మమ్మ వరస తొమ్మిది సెకన్లు.